లేబుల్ మీద "అండ్ పార్టీ", పత్రంలోనూ అదే: నమూనా సేకరించినవారి పేరు, గుర్తించినవారి పేరు ఎక్కడికి పోతున్నాయి?

నల్లమల_తుంగ

తూర్పు కనుమల్లో తుంగ కుటుంబపు మొక్కల విస్తరణ మీద ఇటీవల ఒక అంతర్జాతీయ పత్రికలో వచ్చిన పరిశోధనా పత్రం చదువుతూ, అనుబంధంలోని నమూనాల పట్టిక దగ్గర ఆగిపోయాను. అందులో 43 నమూనాలు నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో నల్లమలలో సేకరించినవి. సంఖ్యలు నావి, తేదీలు నావి, మన్ననూరు దాటాక వచ్చే కుంట గురించిన వర్ణన కూడా నేను రాసినదే. సేకర్త పేరు ఉండవలసిన గడిలో మాత్రం మా గైడు గారి ఇంటిపేరు, దాని పక్కన "అండ్ పార్టీ" అని ఉన్నాయి. ఆ పార్టీని నేనే.

వరిచేనులో కలుపు తీసేవారికి తుంగ అంతా ఒకటే మొక్క. ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో కూర్చున్నవారికి మాత్రం పండిన కాయ చేతికి రానిదే జాతి చెప్పడం కుదరదు. జూలైలో వెళ్ళి పచ్చి కంకులు తెచ్చి, అవి పనికిరావని తెలుసుకొని, అదే కుంట దగ్గరకు అక్టోబరులో మళ్ళీ వెళ్ళాను. ఆవగింజలో సగం కూడా లేని కాయను సూదిమొనతో విడదీసి, దాని మీది గళ్ళు అడ్డంగా సాగాయా, నిలువుగా సాగాయా అని మైక్రోస్కోపు కింద చూసి పేరు నిర్ణయించడానికి ఒక్కొక్క నమూనాకు ఒక పూట పట్టేది. పత్రంలో ఆ పేర్లన్నీ నేను పెట్టినవి పెట్టినట్టే వాడుకున్నారు, కృతజ్ఞతల పేరాలో మాత్రం సంస్థ పేరు ఒక్కటే ఉంది.

నమూనాలు ఉన్న చోట విచారిస్తే, నమూనా సంస్థ ఆస్తి అని, అందులో వ్యక్తుల ప్రసక్తి ఉండదని సమాధానం వచ్చింది. ఈ విషయంలో పట్టుబట్టడం సబబేనా, లేక నేను అతిగా ఆలోచిస్తున్నానా అన్నది ఇక్కడి అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

పందికొక్కు

ఇరవై ఏళ్ళుగా ప్రతి హెర్బేరియంలోనూ కనబడే ఈ "పార్టీ" అనే శాస్త్రవేత్త ఎవరా అని నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. దేశంలో ఆయనకంటె ఎక్కువ మొక్కలు సేకరించినవారు లేరు.

మూసీ_ఒడ్డు

హెర్బేరియంలో ముప్పై ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని కాబట్టి ఆ పార్టీ గారి పుట్టుక నేను చెప్పగలను. టూరు ఎవరి పేరు మీద మంజూరైతే వారి పేరే టీఏ బిల్లులో వచ్చేది, అదే పేరు టైపిస్టు లేబుల్ మీద కూడా కొట్టేవారు. వెంట వెళ్ళిన స్కాలర్లూ, మొక్కలను నొక్కి ఆరబెట్టే ప్రెస్ మోసిన అటెండరూ, చెట్టెక్కిన కూలీ అందరూ కలిసి ఆ రెండు మాటల్లో ఇమిడిపోయేవారు. దురుద్దేశం ఉండేదని అనను. లేబుల్ అరచేతిలో సగం ఉండేది, అంతకుమించి చోటు లేదు. ఆ అలవాటు మాత్రం కంప్యూటర్లు వచ్చాక కూడా పోలేదు.

అసలు లేబుల్ పద్ధతిలో ఈ అన్యాయానికి చోటు లేదన్నది గమనించాలి. పాత లేబుల్ మీద రెండు పొట్టి లాటిన్ మాటలు కనిపిస్తాయి. "లెగ్." అంటే లెగిట్, సేకరించినవారు. "డెట్." అంటే డిటెర్మినావిట్, పేరు నిర్ణయించినవారు. ఈ రెండు పనులు వేరని, రెండింటికీ రెండు పేర్లు ఉండాలని మన పూర్వులు ఎప్పుడో నిర్ణయించి పెట్టారు. నల్లమల_తుంగ గారి షీట్ల (మొక్కను అంటించిన అట్టల) మీద రెండో గడిలో ఏముందో చూశారా?

నల్లమల_తుంగ

చూశాను. అది ఖాళీగా ఉంది. పేరు నిర్ణయించినది నేనే కాబట్టి విడిగా రాయనక్కరలేదని ఆనాడు అనుకున్నాను.

మూసీ_ఒడ్డు

అది మీ పొరపాటు, మీ గైడు గారిది కాదు.

డేటా_దుకాణం

నేను మొక్కలవాడిని కాను, నమూనాల వివరాలను డేటాబేసులోకి ఎక్కించే పనిలో ఉన్నాను కాబట్టి అటువైపు నుంచి చెబుతాను. 2001లో మొదలై కోపెన్‌హాగెన్ కేంద్రంగా నడుస్తున్న, ప్రపంచ జీవవైవిధ్య సమాచారాన్ని ఒకచోట చేర్చే జీబిఫ్‌లో ఇప్పుడు వందల కోట్ల నమోదులు ఉన్నాయి. అవన్నీ డార్విన్ కోర్ అనే ఒకే పద్ధతిలో వస్తాయి. అందులో సేకర్తకు ఒక గడి, గుర్తించినవారికి ఒక గడి ఉండడమే కాక, ఆ ఇద్దరి గుర్తింపు సంఖ్యలకు మరో రెండు గడులు కూడా ఉన్నాయి. మన దగ్గరి నుంచి వెళ్ళే ఫైళ్ళలో ఆ చివరి రెండూ దాదాపు ఎప్పుడూ ఖాళీయే.

సంఖ్య ఎందుకంటే, పేరు ఒక్కటే యంత్రానికి చాలదు, అందులోనూ మన పేర్లు అసలు చాలవు. ఇంటిపేరు ముందు రాసి పొడి అక్షరంగా కుదించుకుంటాము. పాశ్చాత్యుల డేటాబేసు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటుంది. అప్పుడు కె. వెంకటేశ్వరరావు గారు "రావు, కె. వి." అవుతారు, కె. విజయరావు గారు కూడా అదే అవుతారు, వారిద్దరి జీవితకాలపు సేకరణ ఒకే కుప్పలో పడుతుంది. ఒకే మనిషి మూడు స్పెల్లింగుల్లో ముగ్గురైపోవడం కూడా నేను రోజూ చూస్తున్నదే.

దీనికి ఉన్న మార్గం ఓర్కిడ్. పరిశోధకులను గుర్తించడానికి 2012లో మొదలైన ఈ పదహారు అంకెల సంఖ్య ఉచితం, జీవితాంతం మారదు. కెనడాకు చెందిన డేవిడ్ షార్ట్‌హౌస్ నిర్మించిన బయోనోమియా అనే వేదికలోకి ఆ సంఖ్యతో ప్రవేశించి, జీబిఫ్‌లోని నమూనాల్లో ఏవి మీరు సేకరించినవో, ఏవి మీరు గుర్తించినవో మీరే చెప్పుకోవచ్చు. జీబిఫ్ నుంచి ఎవరైనా డేటా దించుకుంటే ఆ దిగుమతికి డీవోఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఒకటి వస్తుంది. పరిశోధకులు ఆ సంఖ్యను తమ పత్రంలో ఉదహరిస్తే, మీ నమూనా ఏ పత్రానికి పనికివచ్చిందో బయోనోమియా మీ పేజీలో చూపిస్తుంది.

పందికొక్కు

నాకు ఓర్కిడ్ ఉందని చెప్పగానే మా గైడు గారు ఆర్కిడ్ మొక్క అనుకొని ఏ అడవిలో దొరికింది, పూత ఉందా అని అడిగారు. దాని చివర అంకెకు బదులు ఎక్స్ వచ్చిందని చెబితే, పదో తరగతి లెక్కల పేపరులాగే ఉన్నదన్నారు.

చట్టం_చదివినవాడు

"సంస్థ ఆస్తి" అన్న సమాధానం వస్తువు వరకు సరైనదే. అయితే ఆస్తి వేరు, ఘనత వేరు. ఇల్లు యజమానిదైనంత మాత్రాన కట్టిన మేస్త్రీ పేరు చెప్పకూడదన్న నియమం ఏదీ లేదు కదా.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక భ్రమ గురించి కూడా చెప్పాలి. జీబిఫ్‌లో డేటా క్రియేటివ్ కామన్స్ (సీసీ) వారి మూడు రకాల అనుమతులతోనే వస్తుంది. సీసీ జీరో అయితే ఎవరినీ పేర్కొనవలసిన చట్టపరమైన అవసరం లేదు. సీసీ బై, సీసీ బై ఎన్‌సీ అయితే మూలాన్ని పేర్కొనాలి, కాని అక్కడ మూలం అంటే ఆ డేటాను ప్రచురించిన సంస్థ. సేకర్త పేరు చెప్పి తీరాలని వాటిలో ఏదీ అనదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షను కూడా, కొత్త జాతిని కనుగొన్నవారు ఆ సంగతి తెలియజేసి నమూనాను నిర్దేశిత భాండాగారంలో అప్పగించాలని అంటుందే తప్ప, అప్పగించినవారి పేరు ఏమవ్వాలో చెప్పదు. కాబట్టి ఇది హక్కుల తగాదా కాదు, మర్యాదకు సంబంధించిన తగాదా. మర్యాద తగాదాల్లో కోర్టులకు పని ఉండదు, సంపాదకులకే పని.

కత్తెర

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి ఒక అపస్వరం కూడా ఉండనివ్వండి. సేకరణకు జీతమో, ఫెలోషిప్పో ఇచ్చారు. జీతం తీసుకొని చేసిన పనికి పత్రం పత్రానికీ విడిగా పేరు కావాలంటే, రేపు అనుబంధంలో 4,000 నమూనాలు వాడినవారు 600 మంది పేర్లు రాయాలి. ఆ జాబితాను ఎవరు చదువుతారు? పైగా విశ్లేషణ చేసినవారి మేధను, మొక్క కోసినవారి శ్రమను ఒకే తూకంలో పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

తేనెటీగ

కత్తెర గారు కోసినవారి గురించి మాత్రమే మాట్లాడి, గుర్తించినవారిని సౌకర్యంగా వదిలేశారు. నాది కందిరీగల పని. ఒక స్కాలరు పంటచేలల్లో పెట్టిన పసుపు పళ్ళేల్లో పడిన పరాన్నజీవి కందిరీగలను ఆల్కహాలులో వేసి సీసాలతో తెచ్చారు. ఒక్కొక్కటి గండుచీమ తలంత కూడా లేదు. ముక్కోణపు కార్డు ముక్క కొసన జిగురుచుక్క పెట్టి, కందిరీగను పక్కవాటంగా నిలబెట్టి, రెక్క మీది నరాలూ, మీసంలోని కణుపులూ లెక్కపెట్టి నాలుగు నెలలు కూర్చుంటే 31 జాతులు తేలాయి. ఆ పేర్లు లేకపోతే ఆ పత్రంలో పట్టిక లేదు, పట్టిక లేకపోతే విశ్లేషణ లేదు. పత్రం వచ్చాక చూస్తే "ప్రామాణిక కీల (గుర్తింపు సూచికల) సహాయంతో గుర్తించబడినవి" అని రాశారు. నాకు దక్కినది ఒక కాఫీ. అది కూడా నేనే కొనిచ్చినట్టు గుర్తు.

ఆ "గుర్తించబడినవి" అనే క్రియలో కర్త లేడు. వ్యాకరణం కూడా మనకు వ్యతిరేకంగానే పనిచేస్తోంది.

కత్తెర

మీ విషయంలో మీరు సహరచయిత కావలసినవారు. అది గుర్తింపు సంఖ్యల సమస్య కాదు, ఆ స్కాలరు సంస్కారానికి సంబంధించిన సమస్య. నేను ప్రశ్నించినది 43 షీట్ల విషయం.

డేటా_దుకాణం

600 మంది పేర్లు పత్రంలో అచ్చు వేయమని ఎవరూ అడగడం లేదు. పట్టికలో గడులు ఉన్నాయి, వాటిని నింపితే లెక్క యంత్రం చూసుకుంటుంది. నేనిచ్చిన వివరణ ఉద్దేశం అదే.

జొన్నకంకి

విత్తనాల సంగతి ఎవరూ ఎత్తలేదు. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. విత్తన నమూనాలకు పాస్‌పోర్టు డేటా అనే పద్ధతి ఉంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారు, దాత ఎవరు అన్నవి అందులో నమోదవుతాయి. మొక్కలవారికంటె మేమే కొంత నయమని అనుకునేవాడిని. కాని పాస్‌పోర్టులో సేకర్త అంటే జీపులో వెళ్ళిన శాస్త్రవేత్త. ఆ జొన్నను ముత్తాతల నాటి నుంచి గింజ ఏరి దాచుకుంటూ వచ్చిన రైతమ్మ ఊరి పేరు ఉంటుంది, ఆమె పేరు ఉండడం అరుదు.

కలివికోడి

జొన్నకంకి గారు అన్న మాటే నేను మొదటి నుంచీ చెప్పాలనుకుంటున్నాను. నా మారుపేరు సంగతే తీసుకోండి. ఈ పక్షిని జెర్డాన్ అనే బ్రిటిష్ వైద్యుడు కనుగొన్నారు (1848లో శాస్త్రీయంగా వర్ణించినది బ్లైత్) కాబట్టి ప్రపంచానికి ఇది జెర్డాన్స్ కోర్సర్. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందని అందరూ అనుకున్నాక, 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెదికినది భరత్ భూషణ్, కాని రాత్రిపూట చిట్టడవిలో దీపం వెలుగులో దాన్ని చేతితో పట్టినది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆ పేరు మనకు ఈనాడు తెలుసంటే, వెదికినవారు దాన్ని రాసి ఉంచడం వల్లనే తెలుసు. అలా రాసి ఉంచనివారి సంగతి ఆలోచించండి.

ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ గారి సహాయకుడు అలీ కథ కూడా ఇలాంటిదే. 1858లో ఇండోనేషియాలోని బచ్చాన్ దీవిలో ఆ వింత స్వర్గపక్షిని కొట్టి తెచ్చినది అలీ. పక్షికి దక్కినది వాలెస్ పేరు. వాలెస్ మాత్రం దాన్ని తెచ్చినది అలీ అని తన పుస్తకంలో దాచకుండా చెప్పారు.

అందుచేత నల్లమల_తుంగ గారిని ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మన్ననూరు దాటాక ఆ కుంట మీకు ఎవరు చూపించారు?

పందికొక్కు

పక్షులకు దొరల పేర్లు దక్కాయి, మాకు మాత్రం తెలుగే దక్కింది. బాండికోటా అన్న ప్రజాతి నామం సాక్షాత్తు పందికొక్కు. అలాగే కట్లపాముల ప్రజాతి బంగారస్‌కు మూలం, పాట్రిక్ రసెల్ 1796లో అచ్చు వేసిన కోరమాండల్ పాముల పుస్తకంలోని "బంగారుం పామా". అదే పుస్తకంలో రక్తపింజరి "కాటుక రేకుల పొడ" అన్న పేరుతో ఉంది. ఎంత చక్కని పేరు! మరుసటి ఏడాదే దానికి లాటిన్‌లో రసెల్ పేరు తగిలించారు. ఆ పామును బుట్టలో పెట్టి దొర బంగళాకు తెచ్చి, పేరు చెప్పి, బతికి బయటపడినవాడు ఎవరో మాత్రం ఏ భాషలోనూ లేదు.

మూసీ_ఒడ్డు

వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ విషయమూ అంతే. సామర్లకోటలో తోట పెట్టి ఆయన చేసిన పని నుంచి 1795కు, 1820కి మధ్య మూడు సంపుటాల్లో 300 చిత్రపటాలు వచ్చాయి. సోమిద చెట్టు ప్రజాతి పేరైన సోయ్‌మిడా తెలుగు మాటే. ఆ చెట్ల పేర్లు చెప్పినవారు, కొమ్మలు కోసి తెచ్చినవారు, ఆ బొమ్మలు వేసిన మన చిత్రకారులు పటాల మీద కనబడరు. భాష మిగిలింది, మనుషులు మిగలలేదు.

నల్లమల_తుంగ

కలివికోడి గారి ప్రశ్నకు సమాధానం ఇవ్వడానికి నిన్నంతా వెనకాడాను. ఆ కుంట నాకు చూపించినది ఒక చెంచు పెద్దాయన. జూలైలో నేను తెచ్చినవి పచ్చివని, దీపావళి ముందు వస్తే గింజ రాలకుండా గట్టిపడి ఉంటుందని చెప్పినదీ ఆయనే. రెండో ప్రయాణంలో పండిన కాయలు దొరికాయంటే కారణం ఆ మాటే. నేను రాసిన లేబుల్ మీద ఆయన పేరు లేదు. సిద్ధాంతగ్రంథంలో "స్థానికుల సహకారంతో" అని ఒక వాక్యం ఉంది. నా గైడు గారు నన్ను "పార్టీ"లో కలిపినట్టే నేను ఆయనను "స్థానికుల"లో కలిపేశాను.

కలివికోడి

మిమ్మల్ని నిలదీయాలని అడగలేదు. నా పాత చెక్‌లిస్టులు తీస్తే నాకూ ఇదే సమాధానం వస్తుంది.

డేటా_దుకాణం

పద్ధతి ప్రకారం దీనికి అడ్డంకి లేదు. డార్విన్ కోర్‌లో సేకర్త గడిలో ఎంతమంది పేర్లయినా మధ్యలో నిలువు గీత పెట్టి రాయవచ్చు. మొదట నమూనాను చూపినవారి పేరు కూడా అక్కడే చేర్చవచ్చు.

కాకపోతే నేను ఇంతకుముందు గొప్పగా చెప్పిన గుర్తింపు సంఖ్య ఇక్కడ పనికిరాదని ఒప్పుకోవాలి. బయోనోమియాలో బతికి ఉన్నవారికి ఓర్కిడ్, గతించినవారికి వికీడేటా అనే ఉచిత డేటాబేసులోని సంఖ్య. ఆ పెద్దాయనకు ఓర్కిడ్ కావాలంటే ఈమెయిలు ఉండాలి. వికీడేటా దారిన అక్కడ చేరాలంటే ముందు చనిపోవాలి, తరువాత ఆయన ఉన్నట్టు ఎవరైనా ఎక్కడో అచ్చు వేసి ఉండాలి. మనం అచ్చు వేయము కాబట్టి అక్కడికీ చేరరు.

చట్టం_చదివినవాడు

పేరు చేర్చే ముందు ఆయన అనుమతి అడగడం మరచిపోవద్దు. రక్షిత అడవిలో ఎవరు ఏ మొక్క ఎక్కడ చూపించారన్నది అచ్చులో ఉంటే, అటవీశాఖ వారితో ఆయనకు లేనిపోని చిక్కు రావచ్చు. మనకు ఘనతగా కనిపించేది అక్కడివారికి సాక్ష్యంగా మారే సందర్భాలు ఉన్నాయి. వద్దంటే ఆ మాట గౌరవించాలి.

కత్తెర

ఇక్కడి చర్చ చదివాక నా మొదటి మాటను కొంత సవరించుకుంటున్నాను. తూకం వేరన్నది ఇప్పటికీ నా అభిప్రాయమే. అయితే ఒక పూట కూర్చొని కాయ విడదీసినవారి పనిని "మొక్క కోయడం" అనడం తప్పు. గుర్తింపు కూడా ఒక నిర్ధారణే, దాని వెనక నిలబడే మనిషి ఎవరో పాఠకుడికి తెలియాలి. తప్పయితే ఎవరిని అడగాలి?

మూసీ_ఒడ్డు

కత్తెర గారు చివరికి అసలు చోటుకు వచ్చారు. పేరు ఘనతకే కాదు, జవాబుదారీతనానికి కూడా. నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తుంగ షీటు మీద, కాయ పండకపోయినా ధైర్యం చేసి పేరు నిర్ణయించి, డెట్. పక్కన నా సంతకం పెట్టాను. పదకొండేళ్ళ తరువాత కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక నిపుణులు ఆ షీటు చూసి, నా చీటీని చింపకుండా, కొట్టివేయకుండా, దాని పైన మరొక చిన్న చీటీ అంటించి సరైన పేరు, తన పేరు, తేదీ రాశారు. హెర్బేరియంలో పాత చీటీని తీసేయకూడదన్నది నియమం. ఆ తరువాత మరొకరు ఆ రెండో పేరును ధ్రువీకరిస్తూ ఇంకొకటి అంటించారు. ఇప్పుడు 42 సెంటీమీటర్ల పొడవున్న ఆ అట్ట మీద మొక్క ఒకటి, చీటీలు మూడు. నా తప్పు నా పేరుతోనే ఉంది, మెర్క్యురిక్ క్లోరైడు పూసిన మొక్క కాబట్టి పురుగు కూడా దాన్ని తినదు.

మొదట్లో ఆ అల్మారా వైపు వెళ్ళడానికి సిగ్గుపడేవాడిని. తరువాత కొత్తగా వచ్చిన స్కాలర్లకు ముందుగా ఆ షీటే చూపించేవాడిని.

కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఆ మూడు చీటీల్లో చివరిది ఒక్కటే ఎక్కింది. మధ్య చీటీ రాసిన నిపుణులు, అంటే అసలు తప్పు పట్టినవారు, డేటాబేసులో లేరు.

తేనెటీగ

గుర్తింపుకు విలువ లేకపోవడానికి ఉద్యోగాల లెక్క కూడా ఒక కారణం. ఎన్ని ఉదహరణలు వచ్చాయి అన్నదే కొలమానం అయినచోట, జాతి పేరు వెనక రాసే కర్త పేరును ఎవరూ ఉదహరణగా లెక్కపెట్టరు. 2020లో వర్గీకరణ శాస్త్రపు పెద్ద పత్రిక జూటాక్సాను, అందులోని పత్రాలు ఒకదాన్నొకటి ఎక్కువగా ఉదహరిస్తున్నాయన్న కారణంతో, ప్రభావ సూచిక (ఇంపాక్ట్ ఫాక్టర్) జాబితా నుంచి తొలగించారు. ప్రపంచమంతటా నిరసన వచ్చాక మళ్ళీ చేర్చారు. మా శాస్త్రంలో పత్రాలన్నీ ఒకేచోట వస్తే, ఉదహరణలు కూడా అక్కడివే ఉంటాయని వారికి తెలియలేదు. అటువంటి లెక్కల్లో డెట్. చీటీకి ఎన్ని మార్కులు వస్తాయో మీరే ఊహించండి.

అనంతగిరి_స్కాలర్

నేను పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. వచ్చే వారం వికారాబాదు వైపు మొదటి సేకరణకు వెళ్తున్నాము, నలుగురం. ఇదంతా చదివాక లేబుల్ మీద ఏమి రాయాలో అన్న భయం పట్టుకుంది. గైడు గారు ఒప్పుకోకపోతే ఏమి చేయాలి?

మూసీ_ఒడ్డు

లేబుల్ సంగతి తరువాత. ముందు ఫీల్డు పుస్తకం మీ పేరుతో విడిగా పెట్టుకోండి, సంఖ్య 1 నుంచి మొదలుపెట్టి జీవితాంతం ఆపకుండా కొనసాగించండి. మొక్క ప్రెస్‌లోకి వెళ్ళకముందే, ఇంకా వాడకముందే, ఎవరెవరు ఉన్నారో అక్కడే కూర్చొని పూర్తి పేర్లతో రాయండి. పెన్సిలుతో రాయండి, వాన పడితే పెన్ను సిరా కారిపోతుంది. పేరు నిర్ణయించినది మీరైతే, సేకరించినదీ మీరే అయినా సరే, రెండో గడిలో మళ్ళీ రాయండి. గైడు గారి పేరు ముందు పెట్టి తరువాత మీవి రాయడానికి ఏ గైడూ అభ్యంతరం చెప్పడం నేను చూడలేదు. పేర్లు రాసినందుకు కాదు, అడగకుండా రాసినందుకే వారికి కోపం వస్తుంది.

పందికొక్కు

నలుగురి పేర్లు రాశాక లేబుల్ చాలకపోతే, దయచేసి ఆ పాత శాస్త్రవేత్తను మళ్ళీ పిలవకండి. ఆయన పదవీ విరమణ వయసు దాటిపోయింది.

నల్లమల_తుంగ

రెండు విషయాలు చెప్పడానికి తిరిగి వచ్చాను. ఆ పత్రం రచయితల్లో ఒకరికి ఈమెయిలు రాస్తే, మర్యాదగానే జవాబు ఇచ్చారు. తమకు అందిన ఫైలులో "పార్టీ" అనే ఉన్నదని, ఫీల్డు పుస్తకం పుటలు ఫొటో తీసి పంపితే పట్టికకు సవరణ పంపుతామని అన్నారు. అటక మీది ట్రంకుపెట్టె దింపి వెదికాను. మొదటి పుస్తకం దొరికింది, 38 సంఖ్యలకు ఆధారం ఉంది. 214 నుంచి 218 వరకు సంఖ్యల నమూనాలు ఉన్న పుటలు లేవు. అవి విభాగంలో అప్పగించిన పుస్తకంలో ఉండాలి.

రెండోది ఆ పెద్దాయన పేరు. సేకరణ పుటల్లో ఎక్కడా లేదు. చివరి అట్ట లోపల, బస్సు టికెట్ల లెక్క కింద, ఆయన పేరు, రెండు రోజుల కూలి, బీడీకట్టలకు ఇచ్చిన డబ్బు రాసి ఉన్నాయి. ఖర్చుల్లో పూర్తి పేరు రాసుకున్నాను, నమూనాల్లో రాయలేదు. దసరా సెలవుల్లో మన్ననూరు వెళ్ళి, ఆయన ఉంటే ఆయననే, లేకపోతే ఇంటివారిని అడుగుతాను.

మూసీ_ఒడ్డు గారూ, ఆయన సరేనంటే షీట్ల మీద కొత్త చీటీ ఎక్కడ అంటించాలి?

మూసీ_ఒడ్డు

కుడివైపు కింద అసలు లేబుల్ ఉంటుంది. దానికి సరిగ్గా పైన ఖాళీ ఉంటే అక్కడ, లేకపోతే ఎడమవైపు. మొక్క వేరు మీద పడకూడదు. గోధుమపిండి జిగురు వాడండి, సెలోఫేను టేపు వద్దు, పదేళ్ళకు పసుపుపచ్చబడి ఊడిపోతుంది. తేదీ ఈనాటిదే వేయండి, పాత తేదీ వేయవద్దు. ఆ ఐదు సంఖ్యల పుస్తకం కోసం సోమవారం నేను అల్మారాలు వెదకగలను, లోపల ఇంకా తెలిసినవారు ఉన్నారు. దాని అట్ట ఏ రంగో గుర్తుందా?

నల్లమల_తుంగ

ఎర్ర కాలికో అట్ట. వెన్ను మీద తెల్ల స్టిక్కరు అంటించి నా పేరు రాశాను. స్టిక్కరు ఊడిపోకపోతే కనబడుతుంది.